రచ్చ ఏ రోజున మొదలైందో చూడు: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

పేరుమోసిన ఆడవాళ్ళ చుట్టూ రేగిన రచ్చల మీద నువ్వు రాసి పంపిన మూడు భాగాలూ చదివాను. మేడమ్ అని రాయకు, అక్కా అను చాలు. చదివించే గుణం నీ చేతిలో ఉంది, అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు కాబట్టి దాని గురించి నేను చెప్పేదేం లేదు. కానీ మూడు భాగాలూ అయ్యేసరికి ముగ్గురు ఆడవాళ్ళ కళ్ళు, జడ, నడుము అన్నీ నాకు కంఠతా వచ్చేశాయి గానీ, ఆ గొడవల్లో ఎవడి పదవి ఊడింది, అది పోయి ఎవడి ఒళ్ళో పడింది అన్నది ఒక్కచోట కూడా కనబడలేదు. ఈ ఉత్తరం దాని గురించే. పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చో.

ఇలాంటివి రాసేటప్పుడు నేను ముందు చూసేది తేదీ. ఆమె ఏం చేసిందన్నది తర్వాత. ఆ సంగతి ఏ రోజున బయటికొచ్చింది, ఆ రోజే ఎందుకొచ్చింది, అది చూస్తాను. నిజమో అబద్ధమో, ఆ ముచ్చట చాలాసార్లు అప్పటికే ఏళ్ళ తరబడి ఊళ్ళో నలుగురి నోళ్ళలో నానుతూనే ఉంటుంది, విన్నవాళ్ళు నవ్వుకుని ఎవరి పనిలో వాళ్ళు పడిపోతుంటారు. ఎవడికో అక్కర పడిన రోజున అది అచ్చుకెక్కుతుంది. అక్కర ఎవరిదో దొరికితే నీకు కథ దొరికినట్టే, దొరక్కపోతే నువ్వు రాసేది రచ్చబండ కబురే, కాకపోతే ఒత్తులు, దీర్ఘాలు సరిగ్గా పడిన కబురు.

మన హైదరాబాద్‌లో జరిగిందే చెబుతాను, ఇది నీ లిస్టులో లేదు, ఉండాల్సింది. 1892 ఏప్రిల్‌లో ఊళ్ళో ఒక కరపత్రం తిరిగింది. ఇంగ్లీషులో, కొద్ది పేజీలే, రాసినవాడి పేరు లేదు. దాని పేరు "హైదరాబాద్ స్త్రీలకు విన్నపం". పేరు వింటే ఎవరో ఆడపిల్లల బడికి చందాలు అడుగుతున్నారేమో అనిపిస్తుంది. లోపలున్నది వేరు. నిజాం ప్రభుత్వంలో హోం సెక్రటరీగా ఉన్న మెహదీ హసన్ భార్య ఎలెన్ డోనెల్లీ ఒకప్పుడు లక్నోలో వేశ్య అనీ, ఆమెని కొందరు మగవాళ్ళు వంతులేసుకుని ఉంచుకున్నారనీ, వాళ్ళలో తానూ ఒకణ్ణనీ, అసలు వీళ్ళిద్దరికీ పెళ్ళే కాలేదనీ, మెహదీ హసన్ పై మెట్టుకి ఎక్కడానికి ఆమెని పెద్దవాళ్ళ దగ్గరికి పంపాడనీ రాశాడు ఆ పేరులేని పెద్దమనిషి. తానూ ఒకణ్ణని ఒప్పుకున్నవాడికి పేరు వేసుకునే ధైర్యం లేకపోయింది చూడు.

ఇప్పుడు నువ్వైతే ఏం రాస్తావో నాకు తెలుసు. లక్నో, ఒక తెల్ల పిల్ల, నవాబులు, అత్తరు వాసన. ఆగు. ఇందులో చెప్పిన లక్నో సంగతులన్నీ, జరిగి ఉంటే, ఏనాడో జరిగినవి. మరి 1892లోనే ఎందుకు? మెహదీ హసన్ ఉత్తరాది నుంచి వచ్చినవాడు. మొదటి సాలార్‌జంగ్ రోజుల నుంచీ అలా చదువుకున్నవాళ్ళని అటునుంచి పిలిపించి పెద్ద ఉద్యోగాలిచ్చారు, ఇతను హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు, హోం సెక్రటరీ అయ్యాడు, ఫతే నవాజ్ జంగ్ అని బిరుదు కూడా వచ్చింది. ఇక్కడి పాత కుటుంబాలకి అది కడుపుమంట. ముల్కీ, నాన్ ముల్కీ గొడవ 1952లోనో 1969లోనో పుట్టిందనుకునేవాళ్ళు ఇది చదవాలి, అప్పటికే దాని వయసు ఎంతో. పైగా ఎలెన్ పరదా వదిలేసి భర్తతో పాటు ఇటు నిజాం కొలువు పెద్దలతో, అటు బ్రిటిష్ రెసిడెన్సీ దొరలతో ఒకే బల్ల దగ్గర కూర్చునేది. ఇద్దరూ లండన్ వెళ్ళి విక్టోరియా రాణి దర్శనం కూడా చేసుకొచ్చారు. ఒక ఇంట్లో అంత వెలుగు ఉంటే పక్కింటివాళ్ళకి నిద్రపట్టదు కదా. అతన్ని ఉద్యోగంలో దెబ్బకొట్టడం కష్టం, చదువు ఉంది, పని తెలుసు, నిజాం దగ్గర మాట చెల్లుతుంది. ఆమెని కొడితే అతనే పడతాడు. ఈ లెక్క ఎవరో చాలా చల్లగా కూర్చుని వేసుకున్నదే.

మెహదీ హసన్‌కి స్నేహితులు చెప్పారు, ఊరుకో, నాలుగు రోజులు పోతే అదే చల్లారుతుందని. వినలేదు. కరపత్రం అచ్చువేశాడని మిత్రా అనే అతని మీద రెసిడెన్సీ కోర్టులో కేసు పెట్టాడు. రెండు వైపులా పేరున్న ఇంగ్లీషు వకీళ్ళు, రెండు వైపులా సాక్షులకి డబ్బులు, రెండు వైపులా దొంగ సాక్ష్యాలు. తొమ్మిది నెలలు నడిచింది. ఇక్కడ పత్రికలే కాదు, దేశం బయట పత్రికలు కూడా వండి వార్చాయి. చివరికి 1893లో బోసన్‌క్వెట్ అనే జడ్జి, మిత్రా అచ్చువేశాడని రుజువు కాలేదని కేసు కొట్టేశాడు.

ఈ తీర్పు దగ్గర కాస్త ఆగి చూడు. కోర్టు తేల్చింది అచ్చు ఎవరు వేశారన్న ముక్క మాత్రమే. తొమ్మిది నెలలు ఎలెన్ గురించి ఎవరెవరో బోనులో నిలబడి అన్న మాటల్లో ఒక్కదాన్నీ అవునని గానీ కాదని గానీ ఆ తీర్పు చెప్పలేదు. అవన్నీ అలా గాల్లో వేలాడుతూ మిగిలిపోయాయి. మెహదీ హసన్ ఉద్యోగం పోయింది, మొగుడూ పెళ్ళాలు లక్నోకి వెళ్ళిపోయారు, అతను మళ్ళీ ఉద్యోగం కోసం ఎంత తిరిగినా దొరకలేదు. ఒకప్పుడు కాంగ్రెస్‌ని ప్రమాదకరమైనదన్నవాడు తర్వాత ఆ కాంగ్రెస్‌లోనే చేరాడు (ఈ ముక్క మీద ఇంకొకరెవరైనా ఒక నవల రాయొచ్చు). అతను పోయేనాటికి ఇంట్లో చిల్లిగవ్వ లేదు. ఎలెన్ హైదరాబాద్ దివాన్‌కి, నిజాంకి అర్జీలు పెట్టుకుంటే జాలిపడి ఏదో చిన్న భత్యం ఇచ్చారు, అది అందిన కొన్నాళ్ళకే ప్లేగు వచ్చి చనిపోయింది.

ఈ కథలో అత్తరు ఎక్కడ అవసరమో నువ్వే చెప్పు.

ఇది రాసే ముందు కోఠీ వెళ్ళు. బస్టాండు దగ్గర ఆ పెద్ద తెల్ల స్తంభాల భవనం ఉంది కదా, అందరం విమెన్స్ కాలేజీ అంటాం, ఇప్పుడు అది మహిళా విశ్వవిద్యాలయం, అదే బ్రిటిష్ రెసిడెన్సీ. దాన్ని కట్టించిన కిర్క్‌పాట్రిక్ నిజాం దగ్గర ఈస్టిండియా కంపెనీ రాయబారి, రెసిడెంటు అనేవారు. అతని మీద కూడా ఒక రచ్చ ఉంది, హైదరాబాద్ పెద్దింటి అమ్మాయి ఖైరున్నీసాని పెళ్ళాడాడని గవర్నర్ జనరల్ వెల్స్‌లీ విచారణ వేయించాడు. అది ఎప్పుడు? నిజాంతో సైన్య సహకార ఒప్పందాలు కుదురుతున్న రోజుల్లో, తన రెసిడెంటు తన మాట వింటాడా, మామగారి ఊరి మాట వింటాడా అన్న అనుమానం కంపెనీని తినేస్తున్న రోజుల్లో. మళ్ళీ తేదీయే. 1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండ్ ఓడ ఎక్కించారు, అదే ఏడాది కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు, ఆ తల్లి పిల్లల్ని మళ్ళీ చూడలేదు. దీని మీద చాలామంది రాసేశారు, నువ్వు కొత్తగా చేసేదేం లేదు, వదిలెయ్.

సరే, నీ మొదటి భాగానికి వద్దాం. ఫ్రాన్స్ రాణి మేరీ ఆంట్వానెట్ వజ్రాల హారం. శీర్షికలో "హారం కోసం దేశాన్నే ముంచిన రాణి" అని పెట్టావు. అయ్యా, ఆవిడ ఆ హారం కొననే లేదు! కథలో చివరికి నువ్వే ఆ మాట ఒక వాక్యంలో అన్నావు, కానీ శీర్షిక చదివి పోయేవాళ్ళే ఎక్కువ అని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ భాగాన్ని తిరిగి రాయి, ఎందుకంటే ఇందులో నువ్వు వాడుకోని బంగారం ఉంది.

ఆ హారం అసలు తయారైంది పాత రాజు పదిహేనో లూయీ తన ఉంపుడుగత్తె దు బారీ కోసం కొంటాడన్న ఆశతో. ఆయన 1774లో పోయాడు, నగల వ్యాపారులు బోమర్, బసాంజ్‌ల నెత్తిన సరుకు మిగిలిపోయింది. కొత్త రాణికి చూపించారు, వద్దంది. జీన్ ద లా మోత్ అనే ఆవిడ ఇక్కడ ప్రవేశించింది. రాణి దయ కోసం అల్లాడిపోతున్న కార్డినల్ రోహన్ అనే పెద్ద మతగురువుని పట్టుకుని, రాణి నాకు ప్రాణస్నేహితురాలు అని నమ్మించి, రాణి రాసినట్టు ఉత్తరాలు పుట్టించింది. 1784 ఆగస్టులో ఒక రాత్రి వెర్సాయ్ రాజభవనం తోటలో, చీకట్లో, రాణిలా ఉన్న నికోల్ అనే అమ్మాయిని నిలబెట్టి, ఆమె చేత రోహన్‌కి ఒక గులాబీ ఇప్పించింది. ఆయన ఆ గులాబీకి పడిపోయాడు. 1785 మొదట్లో 16 లక్షల లీవ్రులకి (అప్పటి ఫ్రాన్స్ డబ్బు) వాయిదాల మీద బేరం కుదిరింది, కాగితం మీద రాణి సంతకం "మేరీ ఆంట్వానెట్ ద ఫ్రాన్స్" అని ఉంది. హారం రోహన్ చేతికొచ్చింది, ఆయన చేతిలోంచి జీన్ మనుషుల చేతికి పోయింది, రాళ్ళు ఊడబెరికి లండన్‌లో అమ్మేశారు.

ఆ సంతకం చూశావా? ఫ్రాన్స్ రాణులు ఒట్టి పేరుతోనే సంతకం చేసేవారు, "ద ఫ్రాన్స్" అని తగిలించరు. రాజకుటుంబం పద్ధతులన్నీ తెలిసిన రోహన్‌కి ఈ సంగతి తెలియకపోవడం ఏమిటని రాజు కూడా అదే అడిగాడు. నువ్వు హారంలో రాళ్ళెన్నో ఒక పేరా అంతా వర్ణించావు, ఈ రెండు ముక్కల సంతకం మాత్రం వదిలేశావు. పాఠకుడు కుర్చీ అంచుకి వచ్చేది ఇక్కడ.

1785 ఆగస్టు 15న, పండగ పూజ చేయించడానికి పట్టుబట్టలతో సిద్ధంగా ఉన్న కార్డినల్‌ని వెర్సాయ్‌లోనే అందరి ముందూ అరెస్టు చేశారు. 1786 మే 31న పారిస్ పార్లమెంటు కోర్టు ఆయన్ని నిర్దోషి అని వదిలేసింది, జనం జేజేలు కొట్టారు. ఆ జేజేల అర్థం, ఒక రాణి చీకట్లో తోటలోకి వచ్చి మగవాడికి గులాబీ ఇస్తుందని ఆయన నమ్మడంలో తప్పేం లేదని. అంటే శిక్ష ఎవరికి పడ్డట్టు? రాణి మీద బూతు పత్రాలు అంతకు ముందూ చాలా వచ్చాయి. కానీ ఈ తీర్పు వచ్చిన 1786లోనే ఖజానా ఖాళీ అని ఆర్థిక మంత్రి రాజుకి చెప్పాడు. అప్పు ఎలా పెరిగిందంటే అమెరికా యుద్ధం, వడ్డీలు, పన్నులు కట్టని పెద్దమనుషులు అని చెప్పాలి. అదంతా ఎవరికి అర్థమవుతుంది, ఎవరికి ఇష్టం? హారం అయితే అందరికీ అర్థమవుతుంది. విప్లవం వచ్చాక, 1793లో రాణి ప్రాణం తీసిన విచారణలో కూడా ఆ లా మోత్‌ని నువ్వు కలిశావు కదా అని అడిగారు, ఎప్పుడూ చూడలేదని ఆమె చెప్పింది. చివరికి కన్నకొడుకుతోనే తప్పుడు పని చేసిందని ఎబేర్ అనే అతను ఆరోపిస్తే, అక్కడున్న తల్లులందరినీ అడుగుతున్నాను, ఇది నమ్మే మాటేనా అంది. బతుకంతా కబుర్లకి ముడిసరుకైన మనిషి నేరుగా జనంతో మాట్లాడిన సందర్భాల్లో అదొకటి. దాన్ని నువ్వు "కన్నీరు కార్చింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. మాట ఉండగా కన్నీళ్ళెందుకు?

అలాగని ఇప్పుడు నువ్వు రెండో చివరికి పరిగెత్తి ఆడవాళ్ళందరూ కడిగిన ముత్యాలని రాయడం మొదలుపెడతావేమో, అదీ వద్దు. జీన్ ద లా మోత్ పచ్చి మోసగత్తె, తెలివైన మోసగత్తె, ఆమెని అలాగే రాయి. కొరడాలతో కొట్టి, భుజం మీద దొంగ అని కాల్చి ముద్ర వేసి జైల్లో పడేస్తే అక్కణ్ణుంచి తప్పించుకుని లండన్ చేరి, రాణి మీద రాతలు రాసి డబ్బు చేసుకుంది. 1791లో లండన్‌లోనే కిటికీలోంచి పడి చనిపోయింది. ఇలాంటి మనిషిని పాపం అని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే పాఠకుడు నిన్ను నమ్మడం మానేస్తాడు.

ఇంకో ఆవిడ ఉంది, పారిస్‌లోనే, హెన్రియెట్ కాయో. భర్త జోసెఫ్ కాయో ఆర్థిక మంత్రి, ఆదాయపు పన్ను తెస్తానంటున్నాడు, సైన్యంలో మూడేళ్ళ సేవ చట్టం వద్దంటున్నాడు, 1914 వసంతంలో ఎన్నికలు. ఫిగారో పత్రిక రోజూ అతన్ని ఉతుకుతోంది, చివరికి ఎప్పుడో రాసుకున్న ఒక ప్రేమలేఖ కూడా అచ్చేసింది. మార్చి 16న ఈవిడ దుకాణానికెళ్ళి ఒక పిస్తోలు కొని, అక్కడే పేల్చి చూసుకుని, పత్రికాఫీసుకెళ్ళి ఎడిటర్ గాస్తో కల్మెట్ కోసం ఓపిగ్గా కాచుక్కూర్చుని, లోపలికి పిలవగానే కాల్చేసింది. మనిషి పోయాడు. కోర్టులో ఆమె వకీలు వాదన ఏమిటంటే ఆడదాని మనసు, ఆవేశం వస్తే అదుపు ఉండదు, పాపం. కొని, పరీక్షించి, కాచుక్కూర్చున్న మనిషికి అదుపు లేదట! మగవాళ్ళే కూర్చున్న జ్యూరీ నమ్మేసింది, వదిలేసింది. ఆ రోజు జూలై 28, ఆస్ట్రియా సెర్బియా మీద యుద్ధం ప్రకటించిన రోజు. యూరప్ అంతా కాలిపోబోతుంటే అంతవరకూ పారిస్ పత్రికల మొదటి పేజీ ఈ కేసుదే. ఆడదాని గురించి జనానికున్న చులకన ఆమెని శిక్ష నుంచి కాపాడింది, అదే చులకన మిగతావాళ్ళని ముంచింది. ఇలా రెండువైపులా కోసేది దొరికితే వదలకు.

నీ రెండో భాగం, క్రిస్టీన్ కీలర్. ఇది మూడింట్లో మెరుగ్గా ఉంది, కానీ ఆమెతో సంబంధం పెట్టుకున్న బ్రిటన్ మంత్రి ప్రొఫ్యూమో రాజీనామాతో ఆపేశావు. 1963 మార్చిలో పార్లమెంటులో లేచి నిలబడి, ఆమెతో నాకు ఏ తప్పుడు సంబంధమూ లేదన్నాడు, జూన్‌లో అది అబద్ధమని ఒప్పుకుని యుద్ధ మంత్రి పదవి వదిలేశాడు. ఇక్కడ తెర వేశావు. నిజమైన కథ తెర వేశాక ఉంది. ఆ ఇద్దర్నీ పరిచయం చేసిన స్టీఫెన్ వార్డ్ మీద ఆడవాళ్ళ సంపాదన మీద బతికాడని కేసు పెట్టారు, తీర్పు వచ్చేలోపు మాత్రలు మింగి ఆగస్టు 3న చనిపోయాడు. క్రిస్టీన్‌కి వేరే కేసులో అబద్ధపు సాక్ష్యం చెప్పిందని డిసెంబర్‌లో తొమ్మిది నెలల శిక్ష పడింది. పార్లమెంటులో అబద్ధమాడినవాడికి జైలు లేదు, కోర్టులో అబద్ధమాడినదానికి ఉంది. చట్టం ప్రకారం తేడా ఉందని ఎవరైనా అంటారు, ఉంది, కానీ చదివేవాడు రెండూ పక్కపక్కన చూడాలి కదా. ఈ గొడవలో దేశభద్రతకి ముప్పు వచ్చిందా అని విచారించిన జడ్జి లార్డ్ డెన్నింగ్ నివేదిక సర్కారు ప్రచురణ అయి ఉండి లక్షకు పైగా కాపీలు అమ్ముడైంది, దేశభద్రత మీద ఆసక్తితో అంతమంది కొన్నారంటే నేను నమ్మను. ప్రొఫ్యూమో లండన్ ఈస్ట్ ఎండ్‌లో టాయిన్‌బీ హాల్ అనే సేవా సంస్థలో ఏళ్ళ తరబడి పనిచేశాడు, అది నిజంగా మంచి పనే, 1975లో ప్రభుత్వ గౌరవం వచ్చింది, 1995లో మార్గరెట్ థాచర్ డెబ్భయ్యో పుట్టినరోజు విందులో ఎలిజబెత్ రాణి పక్క కుర్చీలో కూర్చున్నాడు. క్రిస్టీన్‌కి కూడా ఒక కుర్చీ ఉంది. 1963లో ఒక ఫోటోకి బట్టల్లేకుండా తిరగేసి కూర్చున్న చెక్క కుర్చీ, లండన్‌లో పెద్ద మ్యూజియంలో దాచారు. ఆమె 2017లో పోతే ప్రపంచమంతా పత్రికలు ఆ ఫోటోయే వేశాయి. ప్రొఫ్యూమోని మొదటిసారి కలిసినప్పుడు, 1961 జూలైలో, ఆ పిల్లకి 19 ఏళ్ళు.

వయసు రాయి. ఎప్పుడూ రాయి. అందం గురించి ఎంత రాసినా రానిది ఒక్క అంకెతో వస్తుంది.

ఆ వార్డ్ కేసులోనే మాండీ రైస్ డేవీస్ అని 18 ఏళ్ళ పిల్ల బోనులో ఉండగా, నీతో సంబంధం లేదని లార్డ్ ఆస్టర్ అంటున్నాడే అని వకీలు అడిగితే, ఆయన అలా అనకపోతే ఇంకెలా అంటాడు అంది. కోర్టంతా నవ్వింది, ఆ మాట ఇంగ్లీషులో సామెత అయిపోయింది. ఆడవాళ్ళ మాట వాళ్ళ నోటితో దొరికేది చాలా తక్కువ, దొరికేచోటు ఎక్కువగా కోర్టు బోను. 1925 జనవరి 12న బొంబాయి మలబార్ హిల్ దగ్గర కారాపి, బావ్లా అనే వ్యాపారిని చంపి, పక్కనున్న ముంతాజ్ బేగం ముఖం కత్తులతో చీరారు. ఇండోర్ మహారాజు తుకోజీరావు హోల్కర్ దర్బారు నుంచి పారిపోయి వచ్చిన నర్తకి ఆమె. అటుగా గోల్ఫ్ ఆడి వస్తున్న తెల్ల ఆఫీసర్లు ఆగి గోల్ఫ్ కర్రతో తలపడ్డారు కాబట్టి ప్రాణం మిగిలింది. నిందితుల్లో ఒకడి తరఫున వాదించింది ఎవరనుకున్నావు, ముహమ్మద్ అలీ జిన్నా. ఆ ముఖంతోనే ఆమె బోనెక్కి సాక్ష్యం చెప్పింది. మహారాజు విచారణ సంఘం ముందుకి రావడం కన్నా గద్దె దిగడమే నయమనుకుని 1926లో దిగాడు, 1928లో ఒక అమెరికా అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. దీన్ని కావాలంటే అయిదో భాగం చెయ్, కానీ మహారాజు వైపు నుంచి కాదు, ఆమె సాక్ష్యం వైపు నుంచి మొదలుపెట్టు.

తెలుగులో ఇలాంటివి లేవా అని ఉత్తరం చివర అడిగావు. ఉన్నాయి, నీకు తెలిసిందే. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని రాసిన శృంగార కావ్యం నూటయాభై ఏళ్ళపాటు ఎవరినీ చెడగొట్టలేదు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని కోతలు లేకుండా సరిచూసి అచ్చువేయించగానే గగ్గోలు పుట్టింది, ఇంగ్లీషు ప్రభుత్వం నిషేధించింది. అంతకు ముందే కందుకూరి వీరేశలింగంగారు ముద్దుపళనిని ఈసడించారు. నాగరత్నమ్మ పీఠికలో అడిగింది చాలా మామూలు ప్రశ్న, ఈ సిగ్గు ఆడవాళ్ళకే ఉండాలా, మగకవులకి అక్కర్లేదా అని. అవి దేవదాసీ కుటుంబాల మీద సంఘ సంస్కర్తలు విరుచుకుపడుతున్న రోజులు, ఆ కుటుంబంలోంచి వచ్చిన ఒక స్త్రీ పండితురాలిగా పేరు వేసుకుని నిలబడటం అసలు నేరం. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో టంగుటూరి ప్రకాశంగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉండి ఆ నిషేధం ఎత్తేశారు. వీరేశలింగంగారి పేరు తీయడానికి భయపడకు, ఆయన చేసిన మంచి ఎక్కడికీ పోదు.

ఇంకొన్ని పని సంగతులు. ఎవరు అన్నారో ప్రతిసారీ చెప్పు: కరపత్రం అంది, సాక్షి అన్నాడు, కోర్టు తేల్చింది, ఈ మూడూ ఒకటి కాదు, వీటిని "అట" అనే ఒక్క తోకతో కట్టేయకు. బతికున్నవాళ్ళ జోలికి ఇప్పుడే పోకు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళు వేసేవాళ్ళకి వకీలు ఖర్చు ఎవరో భరిస్తారేమో, నీకెవరూ లేరు. చనిపోయినవాళ్ళ గురించి ఏం రాసినా ఫర్వాలేదని ఎవరో చెప్పారన్నావు, తప్పు. పాత ఐపీసీ 499లోనూ, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 356లోనూ, పోయినవాళ్ళ పరువు తీసి వాళ్ళ దగ్గరివాళ్ళని బాధపెట్టాలని రాస్తే అదీ పరువునష్టం కిందికి వస్తుంది. టెన్షన్ పడక్కర్లేదు, 1793 నాటి వాళ్ళు ఎవరూ రారు, కానీ 1960, 70ల కథలు ముట్టుకునేటప్పుడు గుర్తుపెట్టుకో. శీర్షికలో కిలాడీ, మాయలేడి, వగలాడి లాంటివి పెట్టకు. నీ సైట్‌వాళ్ళు పెట్టమంటారు, వ్యూస్ రావంటారు. "రాణి కొనని హారం" అని పెట్టి చూడు, అదీ నొక్కుతారు.

ఇక మూడో భాగం, మధురని ఏలిన మన తెలుగు నాయకరాణి మంగమ్మ. ఇది మాత్రం మొత్తం మళ్ళీ రాయాల్సిందే. కొడుకు మశూచితో పోతే, చంటి మనవడి తరఫున 1689 నుంచి పదిహేనేళ్ళకు పైగా ఏలింది, రోడ్లు వేసింది, సత్రాలు కట్టించింది, మధుర రైల్వే స్టేషన్ ఎదురుగా ఆవిడ పేరుతో సత్రం ఇప్పటికీ ఉంది, ఆవిడ వేసవి మహల్లోనే ఇప్పుడు గాంధీ మ్యూజియం నడుస్తోంది. నువ్వు ఇవన్నీ రెండు లైన్లలో కొట్టిపారేసి, దళవాయి (సేనాపతి) అచ్చయ్యతో సంబంధం మీద రెండు పేజీలు రాశావు, అదీ నువ్వేదో కిటికీలోంచి చూసినట్టు. ఆ ప్రవాదం ఎప్పుడు బలపడింది? మనవడు పెద్దవాడై గద్దె ఇమ్మన్నప్పుడు, ఆవిడ ఇవ్వనప్పుడు. అక్కణ్ణుంచి మొదలుపెట్టు. చెరలో పెట్టి, కనబడేలా అన్నం పెట్టి చేతికి అందకుండా చేసి చంపారన్నది జనం చెప్పుకునే కథ, అలాగే చెప్పు, చరిత్ర అని చెప్పకు. పరధ్యానంగా ఎడమచేత్తో తాంబూలం వేసుకున్న పాపానికి రోడ్లు వేయించిందన్న కథ కూడా అలాంటిదే కానీ అది తీసేయకు, ఒక ఆడది అన్ని రోడ్లు వేయించడానికి జనానికి ఒక తప్పు కావాల్సి వచ్చింది చూడు. అచ్చయ్య పేజీలు ఒక పేరాకి దించు, ఇంకో సంగతి, ఆ భాగం పైన మంగమ్మ అని పెట్టిన బొమ్మ ఏదో సినిమాలో నటిది, అది ఈ రోజే మార్చెయ్, ఎవరూ చూడకముందే.

అక్క